అడిగి రాసుకున్న లక్ష్యాలు

నా బైబిలులోని ఎర్ర రిబ్బను మూడేళ్ళపాటు లేవీయకాండము పదమూడవ అధ్యాయం దగ్గరే ఉండిపోయింది. ఏటా జనవరి 1న దానిని తీసి ఆదికాండము మొదటి పేజీలో పెట్టడం, నెలాఖరుకు మళ్ళీ అక్కడికే చేరడం, ఫిబ్రవరి మొదటి వారంలో ఒక సాయంత్రం బడి నుంచి అలసిపోయి వచ్చి, రేపు రెండు రోజులవీ కలిపి చదువుదాంలే అనుకోవడం, ఆ రేపు రాకపోవడం ఒక ఆనవాయితీగా మారింది.

లెక్క మాత్రం సులువైనదే. మాకు సండే స్కూల్లో పదేళ్ళ వయసులోనే నేర్పించారు. బైబిలులో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు ఉన్నాయి. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే, 313 మామూలు రోజులకు 939, 52 ఆదివారాలకు 260, వెరసి 1199 అవుతాయి. అంటే జ్వరమో, పెళ్ళో వచ్చి మూడు రోజులు తప్పిపోయినా డిసెంబరు 31 నాటికి చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం ముగుస్తుంది. ఆదికాండముకు 50, నిర్గమకాండముకు 40 అధ్యాయాలు కాబట్టి ఏ సంవత్సరమైనా జనవరి 28న లేవీయకాండములో అడుగు పెడతాం. అప్పటికి సంక్రాంతి వెళ్ళిపోయి, చేలల్లో దాళ్వా నాట్లు పడి, కొత్త సంవత్సరం పాతబడి ఉంటుంది. ఎదురుగా దహనబలులు, క్రొవ్వు, మూత్రగ్రంథులు, ఆ తరువాత చర్మంపై మచ్చలు. మా సహవాసంలో, అంటే మా సంఘంలో, నాలాంటివారు చాలామందే ఉన్నారనీ, ఫిబ్రవరి నెలలో ఎవరి రిబ్బను ఎక్కడుందో చూస్తే తెలిసిపోతుందనీ నా అనుమానం.

నా వయసు ఇరవై అయిదు. మా ఇల్లు సఖినేటిపల్లి వైపు, నేను తెలుగు చెప్పే ప్రైవేటు బడి నరసాపురం వైపు, నడుమ వశిష్ఠ గోదావరి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, మనుషులనూ బళ్ళనూ దాటించే పంటు మీద ఏరు దాటుతాను. కథలు రాస్తాను. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో పనిచేసిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాల సేవ నుంచి పుట్టిన సహవాసాలలో మాదొకటి. మాకు పాస్టరు అనే పదవి లేదు. పెద్దలుంటారు, వారందరూ మాకు బ్రదర్ గారే. ప్రతి ఆదివారం యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె విరుస్తారు. స్త్రీలు తలపై ముసుగు వేసుకుని ఒక పక్కన కూర్చుంటారు, పాటలలో గొంతు కలుపుతారు, కాని సభలో నిలబడి మాట్లాడరు. దేవుడు తమకు చేసినది చెప్పుకునే వారి సాక్ష్యాలకు వేరుగా మధ్యాహ్నం వేళ స్త్రీల కూటం ఉంటుంది. దీనిని నేను ఫిర్యాదుగా చెప్పడం లేదు. నోటితో చెప్పే చోటు తక్కువైనందువల్లనే కాబోలు, చేతితో రాయడం నాకు తొందరగా అలవాటయిందని మాత్రం అనుకుంటాను. ఇంటర్మీడియట్ చదివే రోజుల నుంచి ప్రతి డిసెంబరు 31 రాత్రీ కూటం నుంచి వచ్చాక, ఒక లాంగ్‌సైజు పుస్తకంలో మరుసటి ఏటి లక్ష్యాలు రాసుకుంటున్నాను. ఈసారి ఆ పని నేను ఒక్కదాన్నే చేయలేదు. ఆ సంగతే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

క్రిస్మస్ సెలవులలో నా దగ్గర దిద్దవలసిన జవాబు పత్రాల కట్ట ఒకటి ఉండింది. అది ముగించిన పూట, చేతిలో ఎర్ర కలం ఉండగానే, 2025 జనవరి నాటి నా పట్టికను తీసి దానినీ దిద్దుదామనిపించింది. అందులో పదకొండు లక్ష్యాలు ఉన్నాయి. పిల్లల పత్రం దిద్దినట్లే ఒక్కొక్క దానికి పదేసి మార్కులు పెట్టుకున్నాను. బైబిలు పూర్తిగా చదవడానికి ఒక మార్కు. 102 అధ్యాయాలు చదివాను కనుక అంతకు మించి వేయడానికి మనసొప్పలేదు. నెలకొక కథ అని రాసుకుని ఏడాది మొత్తానికి నాలుగు రాసినందుకు మూడు మార్కులు. నవల పందొమ్మిది పేజీల దగ్గర ఆగింది. ఐదు గంటలకు లేచి ప్రార్థన చేయడం వేసవి సెలవుల వరకు బాగానే సాగింది. రచన మీద వచ్చిన డబ్బులో దశమభాగం దేవునికి ఇవ్వాలన్నది ఏడవ లక్ష్యం. ఆ ఏడాది నాకు రచన మీద వచ్చినది ఒకే ఒక్కసారి, ఆరువందల రూపాయలు. అందులో దశమభాగం అరవై రూపాయలు. ఆ అరవై నేను ఇవ్వలేదు. ఇవ్వకూడదనుకుని కాదు, చిల్లర లేక ఒక ఆదివారం, మరచిపోయి మరొక ఆదివారం, ఆ తరువాత ఇంత ఆలస్యంగా ఇవ్వడమేమిటన్న సిగ్గుతో తక్కిన ఆదివారాలు గడిచిపోయాయి. ఎర్ర సిరాతో సున్న చుట్టాను.

నవంబరు, డిసెంబరు నెలల్లో కథ రాయకపోవడానికి కారణం మొంథా తుఫాను అని పక్కన రాసుకున్నాను. అది అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటింది. మా పెంకులు కొన్ని లేచిపోయాయి, దొడ్లో రెండు కొబ్బరి చెట్లు కూలాయి, పడమటి గదిలోకి నీరు దిగి గోడ నడుము ఎత్తు వరకు నానింది. చుట్టూ కోతకు రావలసిన సార్వా వరి నీటిలో పడిపోయి ఉంటే కథ రాయలేదని ఎవరూ తప్పు పట్టరు. కాని పిల్లవాడు "మా ఊళ్ళో కరెంటు పోయింది టీచర్" అని రాసి తెల్లకాగితం ఇచ్చినప్పుడు నేను ఏం చేస్తానో నాకు తెలుసు. కరెంటు వచ్చాక ఏం చేశావని అడుగుతాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

పదకొండవ లక్ష్యానికి మాత్రం మార్కులు ఎలా వేయాలో తెలియలేదు. "ప్రభువుకు మహిమకరంగా జీవించాలి" అని రాసుకున్నాను. దానికి ఎంతకు ఎంత? ఆ తికమకలో పట్టికను మళ్ళీ చూస్తే, అందులో సగం లక్ష్యాలు కావు, ప్రార్థనలు. నవల అచ్చు కావడం సంపాదకుల చేతిలో ఉంది, అమ్మ కువైట్ నుంచి శాశ్వతంగా వచ్చేయడం అప్పు తీరడం మీద ఉంది, నా కథలు చదివి ఎవరో మారడం దేవుని చేతిలో ఉంది. నేను చేయవలసిన పనులనేమో ఆయన మీద వదిలేశాను, ఆయన చేయవలసినవేమో నా పట్టికలో ఎక్కించి, అవి జరగలేదని నాకు నేను సున్నలు వేసుకుంటున్నాను. అందుకని ప్రార్థనలన్నిటినీ పుస్తకం చివరి పేజీలోకి మార్చాను. ముందు పేజీలో ఐదు మిగిలాయి.

ఇక్కడితో ఆగిపోయేదాన్నే. కాని ఆ వారమే మా సహవాసపు బీరువాలోని పాత పుస్తకాలలో జోనాథన్ ఎడ్వర్డ్స్ గురించి చదివాను. ఈ అమెరికా బోధకుడు 1722, 1723 సంవత్సరాలలో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకముందే, తన కోసం డెబ్భై తీర్మానాలు రాసుకుని, వారానికి ఒకసారి అవన్నీ చదువుకోవాలని పైన నియమం కూడా పెట్టుకున్నాడు. చదువుతున్నప్పుడు నా పదకొండు నాకే చిన్నబోయాయి. సమయాన్ని వృథా చేయకపోవడం, ఎవరి గురించీ చెడ్డ మాట అనకపోవడం, రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఎక్కడ తప్పానో వెతుక్కోవడం, ఇలా మనసులోని ప్రతి మూలా ఊడ్చుకున్న మనిషి. అదే ఎడ్వర్డ్స్ తరువాతి కాలంలో మనుషులను బానిసలుగా కొని ఇంట్లో పెట్టుకున్నాడన్నది కూడా అందరికీ తెలిసిన చరిత్రే. డెబ్భై తీర్మానాలు రాసుకున్న మనిషికి తన వంటింట్లో పనిచేస్తున్నది ఎవరో కనబడలేదు. మా అమ్మ ఎనిమిదేళ్ళుగా పరాయి దేశంలో ఒకరి వంటింట్లో పనిచేస్తోంది. ఆమె బానిస కాదు, జీతానికే వెళ్ళింది. అయినా ఆ వాక్యాన్ని నేను చదివి పక్కన పెట్టలేకపోయాను. ఒక మనిషి ఎంత నిజాయితీగా తన లోపలికి చూసుకున్నా, తన పక్కన నిలబడినవారికి కనబడేది తనకు కనబడకపోవచ్చు. నా ఐదు లక్ష్యాలలోనూ నేను తప్ప మరొక మనిషి లేడని అప్పుడు గమనించాను.

అందుకని ముగ్గురిని అడగాలని నిర్ణయించుకున్నాను. నా కథలు చదివే ఒకరు, నేను ఎవరి గురించి రాశానో ఆ ఒకరు, నాతో ఒక ఇంట్లో ఉండే ఒకరు. ప్రశ్న అందరికీ ఒక్కటే: ఈ సంవత్సరం నా వల్ల మీకు ఇబ్బంది కలిగినదేమిటి? నియమాలు రెండు పెట్టుకున్నాను. వారు చెప్పినదానికి ఎదురు చెప్పకూడదు, చెప్పిన మాటను వారి మాటలలోనే రాసుకోవాలి. మొదటి నియమాన్ని మొదటి మనిషి దగ్గరే తప్పాను.

ఆయన మా బడిలో లెక్కలు చెప్పే మాస్టారు. పద్యం, గద్యం ఏదైనా వదలకుండా చదివే మనిషి; నా కథలన్నీ పాత సంచికలతో సహా ఆయన దగ్గర ఉన్నాయి. "అమ్మాయ్, నీ కథల్లో మీ అమ్మమ్మ మాట్లాడినట్లు ఉండదు, మైకు ముందు నిలబడినట్లు ఉంటుంది" అన్నారు. అది మా భాష, మీకు అలవాటు లేక అలా అనిపిస్తుందని నేను వెంటనే అనేశాను. ఆయన వాదించలేదు. "మీ భాషేనా? సరే, జాషువాగారు రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పేవారు తెలుసుగా. తెర మీద బొమ్మ పెదవి కదిపితే ఈయన మాట్లాడాలి. జనం ఎదురుగా ఉన్నారు. అక్కడ ఏ భాష మాట్లాడి ఉంటారో ఆలోచించు" అని చాక్‌పీసు తీసుకుని తరగతికి వెళ్ళిపోయారు.

క్రీస్తు జీవితాన్ని పద్యాలలో చెప్పి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కవి, కుర్రతనంలో తెర పక్కన నిలబడి పొట్ట పోసుకున్నాడన్న సంగతి నాకూ తెలుసు. నేను తెలుగు టీచరునే. దానిని నా కథతో ముడిపెట్టి చూడలేదంతే. ఆ సాయంత్రం పంటు మీద నిలబడి, అచ్చయిన నా కథ తీసి, ఏ మాట నిజంగా మా ఇంట్లో వినబడదో దాని కింద గీత పెడుతూ పోయాను. మా వైపు పంటు ఆగేసరికి నాలుగు పేజీలలో ముప్పై ఒక్క గీతలు తేలాయి. చేపలమ్మే మనిషి చేత "ఆయన కృపాబాహుళ్యమును బట్టి" అనిపించాను. జ్వరంతో మూలుగుతున్న ముసలాయన చేత ఒక పూర్తి వచనం అప్పజెప్పించాను. బైబిలు తెలుగు మీద నాకు చిన్నచూపు లేదు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు అక్షరం రాని మా అమ్మమ్మ నోట ఎంత నిండుగా పలుకుతాయో రోజూ వింటూనే ఉన్నాను. కాని ఆమె వాటిని పాడుతుంది, వాటితో కూర అడగదు. భక్తి కలిగిన మనిషి అని పాఠకుడికి తెలియజేయడానికి నేను అడ్డదారి వెతుక్కున్నాను. పాత్ర ఏం చేసిందో చూపించడం కష్టమై, దాని నోట్లో వాక్యం పెట్టాను. మాస్టారి మాటను పుస్తకంలో రాసి, కింద ఆయనకు నేను ఎదురు చెప్పిన సంగతి కూడా రాశాను.

రెండవ మనిషి అమ్మ. ఆమెతో శుక్రవారాలు మాట్లాడతాను. అక్కడ అది సెలవు రోజు, ఇంటివారు భోజనాలయ్యాక బంధువుల దగ్గరికి వెళతారు, మాకు ఐదు గంటలయ్యేసరికి అక్కడ రెండున్నర, ఆమెకు కాస్త తీరిక. నా ప్రశ్న విని చాలాసేపు ఏమీ అనలేదు. లైను పోయిందేమోనని రెండుసార్లు "అమ్మా" అన్నాను. తరువాత ఆమె చెప్పినది ఇది: "ఆ ఇస్త్రీపెట్టె సంగతి నీకు చెప్పుకున్నాను గాని ఊరికి చెప్పలేదు కదమ్మా."

నాకు ఆరువందల రూపాయలు తెచ్చిన కథ అదే. కువైట్‌లో ఇంటిపని చేసే ఒక స్త్రీ బట్టలు ఇస్త్రీ చేస్తూ చెయ్యి కాల్చుకుని, జీతం కోస్తారేమోనన్న భయంతో పది రోజులు పొడుగు చేతుల జాకెట్టు కింద దాచుకుంటుంది. అమ్మ ఒక రాత్రి ఏడుస్తూ నాకు చెప్పినదంతా పేరు మార్చి రాశాను. పేరు మారిస్తే చాలుననుకున్నాను. మా పేటలో కువైట్, మస్కట్ వెళ్ళిన ఆడవారు ఇంటికి ఒకరైనా ఉంటారు. అయినా ఆ కథ ఎవరిదో పోల్చుకోవడానికి ఎవరికీ అర నిమిషం పట్టలేదు. పెద్దమ్మ ఫోను చేసి, చెయ్యి కాలితే మాకు చెప్పలేదేమని అమ్మను అడిగిందట. నేను కథ పంపేటప్పుడు ప్రార్థన చేసి పంపాను. అమ్మను మాత్రం అడగలేదు. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ నాకు చిన్ననాటి నుంచి కంఠతా వచ్చు. నా కథలో అబద్ధం లేదు, అంతా నిజమే, అయినా అది నేను చెప్పవలసిన సాక్ష్యం కాదు. ఈసారి ఎదురు చెప్పలేదు. అమ్మే కొంచెంసేపటికి, "వచ్చిన డబ్బులో దశమభాగం ఇచ్చేశావా?" అని అడిగింది. ఇవ్వలేదని చెప్పడం, కథ సంగతి ఒప్పుకోవడం కన్నా కష్టమైంది.

అమ్మమ్మను అడగడానికి ప్రశ్న పూర్తి చేయవలసిన పని కూడా రాలేదు. "పెద్ద పుస్తకం ఒళ్ళో పెట్టుకుని సదూకుంటావు. పెదాలు కదుల్తాయి. నాకేం ఇనపడుద్దే?" అంది. ఆమె పదేళ్ళ వయసు నుంచి లేసు అల్లింది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల మిషనరీ దొరసానులు నేర్పిన ఆ అల్లిక మీద ఎన్ని ఇళ్ళు బతికాయో చెప్పనక్కరలేదు; 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పేపరులో చదివి వినిపిస్తే, "ఇప్పుడెందుకు, కళ్ళు పోయాక" అని నవ్వింది. శుక్లాలు ముదిరాయి, ఆపరేషను అంటే భయం. మందిరంలో వినే వాక్యం తప్ప ఆమెకు వారమంతా మరొకటి లేదు, నేనేమో పక్క మంచం మీద మూడేళ్ళుగా మౌనంగా చదివి, మౌనంగా మానేస్తున్నాను. కథలు రాయాలన్న నా లక్ష్యాన్ని ఆమెకు చెప్పినప్పుడు, రోజుకు ఎంత రాయాలో ఎలా నిర్ణయించుకోవాలని కూడా అడిగాను. ఆమె లేసు మాట చెప్పింది. "రోజుకెంత అల్లాలో షావుకారు సెప్పడే. బుడ్డిలో కిరసనాయిలు సెప్పుద్ది."

డిసెంబరు 31 రాత్రి పది గంటలకు కూటం మొదలైంది. మా మందిరానికి రెండు వీధుల అవతల డీజే పాటలు, లోపల కీర్తనలు, రెండూ కలిసి వినబడుతూనే ఉన్నాయి. పెద్ద బ్రదర్ గారు పేరుపేరునా ఏడాదిలో చనిపోయినవారిని, పుట్టినవారిని, తుఫానులో నష్టపోయినవారిని తలచుకున్నారు. పన్నెండు కావస్తుండగా అందరం మోకరించాం. పాత సంవత్సరం నుంచి కొత్త సంవత్సరంలోకి మోకాళ్ళ మీద దాటడం మా ఆచారం. కూటం ముగిశాక టీ తాగుతూ, బైబిలు పూర్తి చేయడానికి మరొక పద్ధతి ఉందని ఆయన నాకు చెప్పారు. 1842లో స్కాట్లండులోని డండీ పట్టణంలో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అనే యువ కాపరి తన సంఘానికి రాసి ఇచ్చినది, రోజుకు నాలుగు అధ్యాయాలు, ఏడాదిలో కొత్త నిబంధన, కీర్తనల గ్రంథం రెండుసార్లు వస్తాయి. ఆ పద్ధతి ఇస్తూనే, ఇది మెడ మీద కాడిగా మారే ప్రమాదం కూడా ఉందని మెక్‌షేన్ హెచ్చరించాడట. ఆ హెచ్చరిక నాకు పద్ధతి కన్నా బాగా నచ్చింది. మా దగ్గర వాగ్దాన కార్డులు, అంటే బైబిలు వాగ్దానం ఒకటి రాసిన కొత్త సంవత్సరపు కార్డులు, పంచే అలవాటు లేదు. అమ్మమ్మ మాత్రం అక్కడి నుంచి నేరుగా పక్క చర్చికి వెళ్ళి, పళ్ళెంలో నుంచి ఒక కార్డు తీసుకుని వచ్చి, నా చేత చదివించుకుని, దిండు కింద పెట్టుకుంది. పెద్దలకు చెప్పవద్దంది.

ఆ రాత్రి పుస్తకంలో నాలుగు లక్ష్యాలే రాశాను. ఏ అధ్యాయమైనా అమ్మమ్మకు వినబడేటట్లు చదవాలి. ఆమె నిద్రపోతే అక్కడ ఆపాలి. పంటు మీద ఉన్నంతసేపు రాయాలి. ఏరు దాటడానికి పట్టే పది, పదిహేను నిమిషాలే నా బుడ్డిలో కిరసనాయిలు, మాటల లెక్క లేదు, ఏ పాత్రా నేను విననట్టి మాట అనకూడదు. ఎవరి బతుకు నుంచి కథ తీసుకున్నా ముందు వారికి చదివి వినిపించి, సరేనంటేనే పంపాలి. రచన మీద డబ్బు వచ్చిన ఆదివారమే దశమభాగం కానుకల సంచిలో వేయాలి.

నాలుగవది తొందరగా తేలిపోయింది. జనవరి 4, మొదటి ఆదివారం నాడు పాత బాకీ అరవై రూపాయలు వేశాను. మిగిలిన అయిదువందల నలభై అమ్మవని చెబితే, అమ్మమ్మ కంటి పరీక్షకు వాడమంది.

రెండవది అనుకున్నంత సులువుగా లేదు. పంటు మీద కూర్చునే చోటు దొరకదు. మోటారు సైకిళ్ళు, ఆటోలు, పాల క్యాన్లు, కాలేజీ పిల్లలు. రెయిలింగుకు ఆనుకుని, సంచి మీద పుస్తకం పెట్టి రాస్తే ఇంజను అదురుకు అక్షరాలు వణుకుతాయి. పొగమంచు దట్టంగా ఉన్న ఉదయాలలో పంటు కదలదు, రేవులో నిలబడి బడికి ఆలస్యమవుతోందని గడియారం చూడడంతోనే సరిపోతుంది. అయినా సంక్రాంతి సెలవులు పోగా జనవరిలో ఒక కథ చిత్తుప్రతి తయారైంది. అందులో మనుషులు తక్కువ మాట్లాడతారు. మాస్టారు చదివి, "ఇందులో అందరూ మూగవాళ్ళయ్యారేమిటమ్మాయ్" అన్నారు. ఈసారి ఎదురు చెప్పకుండా రాసుకున్నాను.

మూడవ దానిలో ఒక అడుగు ముందుకు వేద్దామని, స్త్రీల కూటంలో చెప్పే సాక్ష్యాలను నెలకొకటి చొప్పున, చెప్పినవారి మాటలోనే రాసి పెట్టాలనుకున్నాను. జనవరి కూటంలో ఒక అక్క తన భర్త సముద్రంలో వేటకు వెళ్ళి మూడు రోజులు తిరిగి రాకపోయినప్పుడు తాను గుమ్మంలో కూర్చుని ఏం చేసిందో చెప్పింది. నా చెవులు ఇప్పటికీ ఆ మాటల దగ్గరే ఉన్నాయి. కూటం అయ్యాక వెళ్ళి, రాసుకోమంటారా అని అడిగాను. ఆమె కొంగు సర్దుకుని, "వద్దమ్మా, అది ఇక్కడ చెప్పుకోడానికే" అంది. సరేనని వచ్చేశాను. పుస్తకంలో జనవరి పేరున ఉన్న పేజీలో తేదీ ఉంది, కింద ఏమీ లేదు. పైన నేను రాసిన రెండు వాక్యాలను కూడా ఆమెను అడిగాకే, ఊరూ పేరూ లేకుండా, ఉంచాను.

మొదటి లక్ష్యం సాయంత్రం ఏడు గంటలకు, అన్నం తినకముందు. బిగ్గరగా చదివితే మూడు అధ్యాయాలకు నాకు తెలిసిన సమయానికి రెట్టింపు పడుతుంది, ఎందుకంటే అమ్మమ్మ అడ్డు తగులుతుంది. యాకోబు అన్నను మోసం చేసిన చోట నాలుక చప్పరించింది. యోసేపు ఏడ్చిన ప్రతిసారీ లెక్క పెట్టింది. నిర్గమకాండములో దేవుని గుడారపు తెరల కొలతలు, కొలుకులు, నీలి నూలు వచ్చినప్పుడు నేను తొందరగా దాటేద్దామనుకున్నాను. ఆమె ఆపి, ఏ రంగు పక్కన ఏ రంగో, ఎన్ని ముళ్ళో మళ్ళీ చదివించుకుని, గాలిలో సూది పట్టినట్లు వేళ్ళు కదిపింది. నేను ఏటా ఆవులించిన పేజీలు అవి.

ఫిబ్రవరి 1 ఆదివారం. లేవీయకాండము పన్నెండు నుంచి పదహారు వరకు ఐదు అధ్యాయాలు. మధ్యాహ్నం మందిరం నుంచి వచ్చి, వాకిట్లో నులక మంచం మీద ఆమె, గడప మీద నేను. పదమూడవ అధ్యాయం 59 వచనాలు. ఎక్కడ ఆపేసేదాన్నో ఆమెకు తెలియదు, నేను చెప్పలేదు. గుక్క తిప్పుకోకుండా చదివి పద్నాలుగులోకి వచ్చాను. అందులో ఇంటి గోడకు పట్టే పొడ గురించి ఉంది. గోడ మీద పచ్చగానో ఎర్రగానో చారలు లోతుగా కనబడితే యాజకునికి చెప్పాలి, అతడు రాకముందే ఇంట్లో సామానంతా బయట పెట్టాలి, అతడు చూసి ఏడు రోజులు ఇల్లు మూసి ఉంచాలి. అమ్మమ్మ "ఆగు" అని లేచి, గోడ పట్టుకుంటూ పడమటి గదిలోకి వెళ్ళింది. మొంథా నీరు దిగిన చోట సున్నం పొక్కులు లేచి, కింద పచ్చని బూజు పట్టి ఉంది. కళ్ళు కనబడవు కాబట్టి అరచేతితో తడిమి, ఆ చెయ్యి వాసన చూసింది.

"సామాను బయట పెట్టమన్నాడా?" అంది. పెట్టమన్నాడన్నాను. "అయితే పట్టు" అంది. ట్రంకు పెట్టె, ధాన్యపు డబ్బా, కుర్చీ, నా బట్టల దండెం అన్నీ వరండాలోకి లాగాం. పెళుసుగా ఉన్న సున్నం అట్లకాడతో గీకేద్దామని నేను వెళితే, గీకడం ఏడో రోజు తరువాతి మాట కదా అని నన్ను ఆపింది. నేను చదివినదాన్ని నాకన్నా బాగా విన్నది. తలుపు మూసి గడియ పెట్టింది. అప్పటికి దీపాల వేళయింది, ఐదింటిలో రెండు అధ్యాయాలు మిగిలిపోయాయి, వాటిని సోమవారం వాటాతో కలిపి చదివాం.

సామానంతా బయటికి వచ్చింది గాని, గోడ గూట్లో పెట్టిన నా లక్ష్యాల పుస్తకం లోపలే ఉండిపోయింది. తీసుకుంటానంటే ఒప్పుకోలేదు. అందుకని ఇదంతా జవాబు పత్రాల వెనక మిగిలిన ఖాళీ కాగితాల మీద రాస్తున్నాను. ఆదివారం గడియ తీస్తుంది.